పాత బోటు ఇంజను: పెట్రోల్ లైను పనులు ఎంతవరకు వచ్చాయంటే

సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న చిన్న బోటు ఇది. కార్బ్యురేటర్ ఉన్న పాత టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ (బోటు వెనక బయట బిగించే) ఇంజను, అడుగు చెక్కల కింద అల్యూమినియం ట్యాంకు. చాలాకాలం ఒడ్డు మీదే పడుంది. కంప్రెషన్ బాగానే ఉంది కాబట్టి ముందు పెట్రోల్ సంగతి తేల్చుకుని, ఆ తర్వాతే ఇంజను స్టార్ట్ చేద్దామనుకున్నాను.

ట్యాంకు. చేతిపంపు గొట్టాన్ని ట్యాంకు అట్టడుగు దాకా దించి, ఒక గాజు సీసా నిండా లాగి రాత్రంతా కదపకుండా ఉంచాను. తెల్లారేసరికి రెండు పొరలు. పైన పసుపుపచ్చ పెట్రోల్, కింద కాస్త మబ్బుగా ఇంకో ద్రవం. చూడ్డానికి నీళ్లలా ఉన్నా అందులో సగానికి పైగా ఇథనాలే, అంటే పెట్రోల్‌లో కలిపే ఆల్కహాలే, ఉండొచ్చు. పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్ కొంత తేమను తనలోనే దాచుకుంటుంది. సుమారు 15 డిగ్రీల దగ్గర నీరు అర శాతం దాటితే, అంటే వంద లీటర్లకి అర లీటరు చేరితే, ఇథనాల్ పెట్రోల్‌ని వదిలేసి నీళ్లతో కలిసి కిందికి దిగిపోతుంది. చలి పెరిగేకొద్దీ ఈ హద్దు ఇంకా తగ్గుతుంది. అందుకే సాయంత్రం తేటగా కనిపించిన పెట్రోల్ పొద్దున్నకి విడిపోయి ఉండొచ్చు.

దీంతో రెండు నష్టాలు. ఇంజనుకి పెట్రోల్ లాగే గొట్టం ట్యాంకు అడుగునే ఉంటుంది, కాబట్టి మొదట వెళ్లేది ఆ కింది పొరే. టూ స్ట్రోక్‌లో పెట్రోల్‌తో కలిపిన ఆయిల్ ఆ పొరలో కలవదు, అంటే పిస్టన్ ఆయిల్ లేకుండా పొడిగా ఆడుతుంది. ఇక పైన మిగిలిన పెట్రోల్‌కేమో ఇథనాల్ పోయాక ఆక్టేన్ (ఇంజనులో ముందే అంటుకుని కొట్టుకోకుండా ఆపే గుణం) పడిపోతుంది. ఇలా విడిపోయినదాన్ని ఏ మందు పోసినా మళ్లీ మామూలుగా చేయలేం. డబ్బాల మీద రాసే మాటలు నేను నమ్మను. మొత్తం తోడేసి, మూత బిగించిన క్యాన్లలో ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చేశాను.

నీళ్లు ఎలా చేరాయో కూడా తెలిసింది. పెట్రోల్ పోసే మూత కింద రబ్బరు రింగు పగిలి ఉంది. గాలిలో తేమ అని అందరూ అంటారు గానీ, నా అనుమానం ఎప్పుడూ మూత మీదే. కొత్త రింగు వేశాను.

కొత్త పెట్రోల్. ఇథనాల్ ఎంత ఉందో ఇంట్లోనే చూడొచ్చు. కొలత గీతలున్న సన్నటి గాజు గొట్టంలో 10 మి.లీ. నీళ్లు, 90 మి.లీ. పెట్రోల్ పోసి, మూత పెట్టి ఊపి, కాసేపు ఆగాలి. కింది పొర 19 దగ్గరికి పెరిగితే ఇథనాల్ దాదాపు పది శాతం ఉన్నట్టే. ఇదంతా ఆరుబయట, నిప్పుకి దూరంగా. చాలా అవుట్‌బోర్డ్‌లకి మాన్యువల్ ఒప్పుకునే హద్దు పది శాతమే. ఇథనాల్ లేని పెట్రోల్ దొరికితే బోటుని పక్కన పెట్టేముందు అదే పోయడం మేలు.

గొట్టాలు, ఫిల్టర్. పాత గొట్టం కోసి చూస్తే లోపలి పొర పొట్టులా ఊడుతోంది. కొత్తది ఏ1-15 అని ముద్ర ఉన్నది వేశాను. ఇథనాల్‌కి తట్టుకుంటుంది, ఆవిరిని బయటికి పెద్దగా వదలదు. ప్రైమర్ బల్బ్ (స్టార్ట్ చేసేముందు పెట్రోల్‌ని ఇంజనులోకి నెట్టడానికి చేత్తో నొక్కే రబ్బరు బుడ్డి) రాయిలా గట్టిపడింది, దాన్నీ మార్చేశాను. ట్యాంకుకీ ఇంజనుకీ మధ్య నీటిని విడదీసే 10 మైక్రాన్ ఫిల్టర్, కింద పారదర్శకమైన గిన్నె ఉన్నది పెట్టాను. నీళ్లు చేరితే కంటికి కనిపిస్తాయి. (ఇంజను గది లోపల ఉండే బోట్లలో ఈ ప్లాస్టిక్ గిన్నె పెట్టకూడదు. మంటకి ఆగదు.) ఇథనాల్ పాత జిగురునంతా కరిగించి లాక్కొస్తుంది కాబట్టి మొదటి ఫిల్టర్ త్వరగానే మూసుకుపోతుంది. ఇంకోటి, దానికి సరిపడే రెంచ్, బోటులోనే ఉంచాను.

కార్బ్యురేటర్. ఐడిల్ జెట్ (ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రం) పూర్తిగా మూసుకుపోయి ఉంది. వైరు పెట్టి పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది, అందుకే క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టాను. కళ్లద్దాలు తప్పనిసరి. గాస్కెట్లు, నీడిల్ కొత్త కిట్‌వి.

ప్రస్తుతం. తాజా పెట్రోల్, ఆయిల్, స్టెబిలైజర్ (పెట్రోల్ త్వరగా పాడవకుండా కలిపే మందు) కలిపి పోసి, కింది భాగం నీళ్ల డ్రమ్ములో ముంచి నడిపాను. స్టెబిలైజర్ తాజా పెట్రోల్‌లో కలిపితేనే పని చేస్తుంది. అది కార్బ్యురేటర్ దాకా చేరాలంటే ఇంజను పది నిమిషాలైనా తిరగాలి. ఐడిల్ నిలకడగా ఉంది, చోక్ అక్కర్లేదు, గిన్నెలో నీళ్లు లేవు. ఫ్యూయల్ పంప్ డయాఫ్రమ్ (పంపులో కదిలే పల్చటి పొర) ఇంకా పాతదే. అది మార్చాక నీళ్లలోకి దించి, ఫుల్ థ్రాటిల్‌లో లోడ్ మీద చూడాలి.