కొబ్బరి చిప్ప చౌకే, కార్బన్ మాత్రం కాదు

వ్యవసాయ వ్యర్థాలతో బ్యాటరీలు చేస్తారన్న వార్తల్లో ముడిసరుకు దాదాపు ఉచితమన్న మాట తప్పక కనిపిస్తుంది. నా దృష్టిలో లెక్క తప్పేది అక్కడే.

సోడియం అయాన్లు గ్రాఫైట్ పొరల మధ్య లిథియంలా ఇమడవు కాబట్టి సోడియం బ్యాటరీల ఆనోడ్‌కు, అంటే ఛార్జి చేసినప్పుడు అయాన్లు చేరే ధ్రువానికి, పొరలు క్రమంగా పేర్చి ఉండని హార్డ్ కార్బన్ వాడతారు. దానికి కొబ్బరి చిప్ప మంచి ముడిసరుకే. అయితే 100 కిలోల చిప్పలను బట్టీలో కాలిస్తే మిగిలే బొగ్గు 30 కిలోలకు మించదు. ఆ బొగ్గును ఆమ్లంతో కడిగి, పొటాషియం వంటి లవణాలను తీసేసి, గాలి చొరని కొలిమిలో 1200 నుంచి 1400 డిగ్రీల దాకా వేడిచేసేసరికి మరికొంత బరువు తరుగుతుంది. అంటే కిలో చిప్పల ధర ఒక్క రూపాయి పెరిగితే కిలో కార్బన్ ఖర్చు సుమారు నాలుగు రూపాయలు పెరుగుతుంది. పైగా నీటిశుద్ధికి వాడే యాక్టివేటెడ్ కార్బన్ తయారీదారులు ఈ బొగ్గును ఎప్పటినుంచో కొంటున్నారు. కోనసీమలోనైనా చిప్ప ఊరికే పడి ఉండే సరుకేమీ కాదు.

ఊక సంగతి ఇంకా చిక్కు. దాని బరువులో ఐదో వంతు దాకా బూడిదే, ఆ బూడిదలో అధికభాగం సిలికాయే కనుక, ఊకను బొగ్గు చేస్తే చేతికొచ్చేదాంట్లో దాదాపు సగం కార్బన్ కాదు. సిలికాను కాస్టిక్ సోడాతో కరిగించి తీయాలి. ఆ ద్రావణాన్ని సోడియం సిలికేట్‌గా అమ్ముకోగలిగితేనే ఖర్చు కొంత తిరిగి వస్తుంది. (ఆ ఊకనే మిల్లర్లు బాయిలర్లలో హాయిగా మండించుకుంటున్నారు.)

ఈ కార్బన్ ధరకు పైహద్దును మాత్రం సోడియం బ్యాటరీలకు పోటీ అయిన లిథియం నిర్ణయిస్తుంది. చైనాలో 2022 నవంబరులో టన్ను సుమారు ఆరు లక్షల యువాన్లకు చేరిన లిథియం కార్బొనేట్ (లిథియం బ్యాటరీల ముడిసరుకు), 2023 చివరికి లక్ష దరిదాపులకు పడిపోయింది. దానితో సోడియం బ్యాటరీ చౌకన్న వాదన బలం చాలావరకు తగ్గింది.

ముడిసరుకు ఒకేచోట పోగుపడే కాగితపు గుజ్జు మిల్లుల లిగ్నిన్ (గుజ్జు తీసేటప్పుడు కలప నుంచి వేరుపడే జిగురులాంటి పదార్థం) నాకు ఎక్కువ ఆశాజనకంగా తోచింది. దానికీ ఒక మెలిక ఉంది: మిల్లులు లిగ్నిన్‌ను మండించి ఆవిరి తీసుకుంటాయి కాబట్టి, దాన్ని బయటికి తీస్తే ఆ మేరకు వేరే ఇంధనం చూసుకోవాలి. ఫిన్లాండ్‌లోని సునిలా మిల్లులో కాగితపు గుజ్జు కంపెనీ స్టోరా ఎన్సో 2021లో లిగ్నిన్ కార్బన్ ప్రయోగ ప్లాంటును ప్రారంభించింది. 2023లో ఆ మిల్లులో గుజ్జు ఉత్పత్తినే మూసివేయాలని నిర్ణయించింది.