ప్రిన్స్‌టన్‌లో ఈగ గుడ్డు

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో పిన్ని వాళ్లింట్లో పెసరట్టు తిని ఎన్‌జే ట్రాన్సిట్ రైలెక్కాను. ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో దిగి ‘డింకీ’ అనే చిట్టి రైలు మారాలి. 2.7 మైళ్ల లైను. బ్యాగు సర్దుకునేలోపే యూనివర్సిటీ వచ్చేసింది.

నేను వెళ్లింది డిగ్రీ విద్యార్థులకు పెట్టిన బయలాజికల్ ఫిజిక్స్ (జీవుల్ని ఫిజిక్స్ లెక్కలతో చదివే శాస్త్రం) సమ్మర్ స్కూల్‌కి. నాది ఫిజిక్స్, ఇంటర్ ఎంపీసీ తర్వాత జీవశాస్త్రం పుస్తకం తెరవలేదు. పదో తరగతి అవగానే పిల్లల్ని ఎంపీసీ, బైపీసీ అని విడదీసి కూర్చోబెట్టేస్తాం మనం. లెక్కలు ఇటు, ప్రాణులు అటు. అదెంత అన్యాయమో అక్కడ తెలిసొచ్చింది.

మొదట బ్యాక్టీరియా ఈత. మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సైజు జీవికి నీళ్లు మనకు బెల్లం పాకం లాంటివి. తోక తిప్పడం ఆపేస్తే ఎంత దూరం జారుతుందో మమ్మల్నే లెక్కగట్టమన్నారు. ఒక పరమాణువు వెడల్పు కూడా జారదు! ఎడ్వర్డ్ పర్సెల్ అనే భౌతికశాస్త్రవేత్త 1970ల్లో చూపిన లెక్క ఇది. వాడిందల్లా ఇంటర్‌లో బట్టీపట్టిన స్టోక్స్ సూత్రమే, ద్రవంలో కదిలే గోళాన్ని ద్రవం ఎంత అడ్డుకుంటుందో చెప్పేది.

నన్ను పూర్తిగా పట్టేసింది మాత్రం పండ్ల మీద వాలే ఈగ గుడ్డు. దాని పిండం మీద పరిశోధనకే ఈ ఊరి ఎరిక్ వీషాస్‌కు 1995లో నోబెల్‌లో వాటా దక్కింది. అర మిల్లీమీటరు గుడ్డు. తల వైపు బైకాయిడ్ అనే ప్రొటీన్ ఎక్కువ. అటునుంచి ప్రతి 100 మైక్రాన్లకూ దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. పిండంలో తానెక్కడుందో ప్రతి కణ కేంద్రకం (డీఎన్ఏ ఉండే భాగం) ఆ మోతాదును బట్టే తెలుసుకోవాలి. పక్కపక్క కేంద్రకాల దగ్గర ఆ మోతాదులో తేడా సుమారు 10 శాతమే. బైకాయిడ్ అణువులేమో యాదృచ్ఛికంగా వచ్చిపోతుంటాయి. గుడ్డు నడిమి కేంద్రకం ఒంటరిగా అంత కచ్చితంగా కొలవాలంటే దాదాపు రెండు గంటలు కావాలని 2007లో ఇక్కడివాళ్లే లెక్క తేల్చారు. పిండానికి ఉన్నది నిమిషాలే.

మరెలా? ఆ రాత్రి డైనింగ్ హాల్లో భోజనం చల్లారిపోయినా వాదన ఆగలేదు. నేను డిఫ్యూజన్ (అణువులు వ్యాపించే తీరు) సమీకరణం రాస్తుంటే, బయాలజీ చదివే అమ్మాయి కాగితం లాక్కుని పిండం బొమ్మ గీసింది. ఆ దశలో కేంద్రకాల మధ్య కణపొరలే లేవు! ఒక కేంద్రకం చేయించిన ప్రొటీన్ పక్కదాని దాకా పాకుతుంది. ఇరుగుపొరుగుల కొలతలకు సగటు కట్టి మళ్లీ లెక్కేశాం. గంటలు నిమిషాలకు దిగాయి.