పన్నెండు కీమోలు, ఒక పెన్సిలు

2016 ఫిబ్రవరిలో మెడ పక్కన గడ్డ చేతికి తగిలింది. అప్పటికి మూడు నెలలుగా పొడి దగ్గు, రాత్రిళ్ళు దిండు తడిసేంత చెమట. దగ్గు ఎలర్జీ అని ఒక వైద్యుడు రెండుసార్లు మాత్రలు మార్చారు. చెమటలను నా నలభై ఆరేళ్ళ వయసు ఖాతాలో వేశారు. చివరికి బయాప్సీలో హాడ్జ్‌కిన్ లింఫోమా అనే లింఫ్ గ్రంథుల క్యాన్సర్ అని తేలింది.

ఆ పేరు వినగానే "రిజ్జోకు వచ్చినదే కదా?" అన్నాను. కంప్యూటర్ చూస్తున్న డాక్టరమ్మ మొదటిసారి నా వైపు తిరిగారు. అప్పట్లో మా షికాగో బేస్‌బాల్ జట్టు కబ్స్‌కు ఆడుతున్న ఆంథొనీ రిజ్జోకు అంతకు ముందు 2008లో, పద్దెనిమిదేళ్ళప్పుడు ఈ జబ్బే వచ్చింది. కీమో చేయించుకుని మళ్ళీ ఆటలోకి వచ్చాడు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా నాకు బేస్‌బాలే గుర్తొచ్చిందని మా వారు ఇప్పటికీ చెప్పి నవ్వుతారు.

ఆరేళ్ళప్పుడు గుంటూరు నుంచి షికాగో వచ్చాను. కబ్స్ మైదానమైన రిగ్లీ ఫీల్డ్‌లో 1988 దాకా దీపాలు లేవు, సొంత మైదానంలో మ్యాచ్‌లన్నీ పగటిపూటే. నేను బడి నుంచి వచ్చేసరికి రాత్రి డ్యూటీ చేసే నాన్న నిద్ర లేచి టీవీ ముందు ఉండేవారు. స్కోరు రాయడం ఆయనే నేర్పారు. పిచర్‌కు 1, షార్ట్‌స్టాప్‌కు 6, ఇలా ప్రతి స్థానానికీ ఒక అంకె. బ్యాటు ఊపి స్ట్రైకౌట్ అయితే ఇంగ్లిషు కె అక్షరం. ఊపకుండా చూస్తూ నిలబడి ఔటైతే అద్దంలో కె.

1908 తర్వాత టైటిల్ ఎరగని జట్టు అది. 1984లో ఇంకొక్క మ్యాచ్ గెలిస్తే టైటిల్ పోరు వరల్డ్ సిరీస్‌కు చేరుతుందనగా శాండియేగోలో వరసగా మూడు ఓడింది. 2003లో ఐదు ఔట్ల దూరంలో మళ్ళీ అదే చేజార్చుకుంది. 1945లో ఒక సారా దుకాణం యజమాని తన మేకతో సహా మ్యాచ్‌కు వస్తే వెళ్ళగొట్టారనీ, అతని శాపం తగిలిందనీ ఊళ్ళో కథ. "అన్నేళ్ళలో ఒక్కరికీ గుమ్మడికాయ కొట్టాలని తోచలేదా?" అనేది అమ్మ. నాన్న మాత్రం గెలుపు చూడకుండానే 2011లో పోయారు.

ఏప్రిల్ 28, గురువారం మొదటి కీమో. రెండు వారాలకొకటి చొప్పున పన్నెండు. నాలుగు మందుల్లో ఒకటి రూఅఫ్జా రంగులో ఉంటుంది. దాన్ని నర్సు పక్కనే కూర్చుని పెద్ద సిరంజితో మెల్లగా ఎక్కించేది. ఛాతీలో అమర్చిన పోర్టును ఉప్పునీటితో కడిగిన ప్రతిసారీ నోట్లో చిల్లర నాణెం చప్పరించిన రుచి.

మధ్యాహ్నం మ్యాచ్ ఉంటే కుర్చీలోనే స్కోరు రాసేదాన్ని. డైరీ రాయలేదు, ఆ కాగితాలే నా కేసు షీటు. మే నెలలో అంకెలు ముత్యాల్లా ఉన్నాయి. జులైకి గళ్ళు దాటాయి. నాలుగు మందుల్లో మరొకటైన విన్‌బ్లాస్టిన్ వల్ల వేళ్ళ కొసలు మొద్దుబారి, ఆగస్టు నాటికి కళ్ళతో చూస్తే తప్ప చేతిలో పెన్సిలు ఉందో లేదో తెలిసేది కాదు. మా అమ్మాయి దానికి రబ్బరు బ్యాండ్లు చుట్టి లావు చేసిపెట్టింది. నేను క్యాన్సర్‌తో పోరాడుతున్నానని బంధువులు ఫోన్లు చేసేవారు. ఎక్కడి పోరాటం! కుర్చీలో కూర్చునేదాన్ని, ఇంటికొచ్చి వాంతి చేసుకునేదాన్ని. ఆ ఏడు అందరికన్నా ఎక్కువగా 103 మ్యాచ్‌లు గెలిచిన కబ్స్ కూడా 58 ఓడింది, ఓడిన రోజునా స్కోరు రాశాను.

సెప్టెంబరు 29న పన్నెండోది. ఆ రాత్రి పిట్స్‌బర్గ్‌లో వాన పడి మ్యాచ్ 1-1తో ఆగిపోయింది, టై అన్నారు. బేస్‌బాల్‌లో టై అంటే గగనకుసుమం. ఫలితం గడిలో ఏం పెట్టాలో తోచక తెలుగులో 'వాన' అని రాశాను.

నవంబరు 2న వరల్డ్ సిరీస్‌లో క్లీవ్‌లాండ్‌తో ఏడో మ్యాచ్, టైటిల్ తేల్చేది. నా స్కాన్‌కు ఇంకా రెండు వారాలుంది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో క్లీవ్‌లాండ్ ఆటగాడు రజాయ్ డేవిస్ హోమ్ రన్‌తో 6-6 అయింది. తొమ్మిది ముగిశాక మళ్ళీ వాన, పదిహేడు నిమిషాలు. అమ్మ గుప్పెట్లో ఉప్పు, మిరపకాయలు పట్టుకుని టీవీకి దిష్టి తీసింది. పదో ఇన్నింగ్స్‌ను మొదలుపెట్టింది మా కైల్ ష్వార్బర్ కొట్టిన సింగిల్. ఏప్రిల్‌లో మోకాలి లిగమెంట్లు తెగి, ఇక ఈ ఏడాదికి లేడనుకున్న కుర్రవాడు. 8-7తో కబ్స్ గెలిచింది. చివరి ఔట్ 5వ స్థానంలోని బ్రయంట్ నుంచి 3వ స్థానంలోని రిజ్జోకు. 5-3 అని రాశాను, 3 అంకె మాత్రం బల్ల మీద పడింది.

ఊరేగింపుకు డాక్టరమ్మ ఒప్పుకోలేదు. తర్వాతి ఆదివారం మాస్కు పెట్టుకుని రిగ్లీ ఫీల్డ్‌కు వెళ్ళాం. గెలుపు చూడకుండా పోయిన తమవాళ్ళ పేర్లు జనం ఇటుక గోడ నిండా రంగు సుద్దలతో రాశారు. ఖాళీ దొరకడమే కష్టమైంది. డ్రెయిన్ పైపు పక్కన జానెడు చోటు చూసుకుని నాన్న పేరు తెలుగులో మొదలుపెట్టాను. ఎంత గట్టిగా నొక్కుతున్నానో వేళ్ళకు తెలియదు కదా, ఒత్తు దగ్గరకు వచ్చేసరికి సుద్ద విరిగింది. మా అమ్మాయి జేబులోంచి ఇంకో ముక్క తీసి ఇచ్చింది.