చిన్నాయన పడవ మోటారు

చిన్నాయన మోటారు ఈరోజు స్టార్ట్ అయింది. అయినా ఆయన చేతికి ఇవ్వలేదు. దాని మీద సాయంత్రం ఇంట్లో చిన్న గొడవే జరిగింది.

యమహా ఎనిమిది హార్స్‌పవర్, టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు. నెహ్రూనగర్ దగ్గర కృష్ణ వెనకజలాల్లో చాలా ఏళ్లు తిరిగిన మోటారు. చిన్నాయన మోకాలి ఆపరేషన్ అయ్యాక కొట్టంలో ఒక మూలన పడింది. ఇప్పుడు శ్రీశైలం డ్యాం నిండి, సంగమేశ్వరం గుడి మునిగి, ఎటు చూసినా నీళ్లే కదా, ఆయనకు ఇంట్లో కాలు నిలవడం లేదు. ఎవరో మెకానిక్ చూసి ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ పోయింది, బాగుచేయించడం దండగ, పాతసామాన్లకు వేసుకో అన్నాడట. అంతే, పాల ఆటోలో కర్నూలుకు పంపించేశాడు. ఈరోజు ఆదివారం, నా బైకుల షెడ్డుకు సెలవు. పొద్దున బస్సుకే ఆయనా దిగాడు.

ఆర్‌ఎక్స్ 100లు, రాజ్‌దూత్‌లు విప్పి పెరిగినవాణ్ని. టూ స్ట్రోక్ అంటే భయం లేదు. పైన ఇంజను వరకు తెలిసిన సంగతే, నీళ్లలో మునిగే కాలు భాగమే కొత్త.

ముందు ప్లగ్గులు విప్పి, రెండు సిలిండర్లలోనూ కాస్త ఆయిల్ పోసి వదిలేశాను. ఇది నాయన నేర్పిన అలవాటు. 2009 అక్టోబరులో తుంగభద్ర ఊర్లోకి వచ్చి పాత టౌను మునిగినప్పుడు, నీళ్లు తీశాక మా షెడ్డు ముందు బురద బండ్లు బారు కట్టాయి. ‘కిక్కు కొట్టొద్దండ్రా, లోపల నీళ్లుంటే రాడ్డు వంగుతాది’ అని నాయన గొంతు పోయేదాకా అరిచేవాడు. ముందు ప్లగ్గు తీయాలి, తర్వాత నీళ్లు వంచాలి, అదే రోజు ఆయిల్ పోయాలి. మునిగినందుకు పాడైన ఇంజన్ల కన్నా, మునిగాక ఎండబెట్టి ఊరికే వదిలేసినందుకు పట్టేసినవే ఎక్కువ. చిన్నాయన మోటారు పట్టేయలేదు. తాడు మెల్లగా లాగితే తిరిగింది, ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెడితే గట్టిగానే తోసింది.

ప్లగ్గును ఇంజను బాడీకి ఆనించి లాగితే మాత్రం నిప్పురవ్వ లేదు. ‘జెప్పల్యా, కాయిలే’ అన్నాడు చిన్నాయన, తానే గెలిచినట్టు. నా చూపు ఎర్రటి స్టాప్ బటన్ మీద పడింది. దాని వెనక ఒక చిన్న క్లిప్పు ఉండాలి. క్లిప్పుకు తాడు, తాడు నడిపేవాడి చేతికి. మనిషి నీళ్లలో పడితే క్లిప్పు ఊడి మోటారు ఆగిపోతుంది. క్లిప్పు లేకపోతే బటన్ లోపలికి నొక్కుకునే ఉంటుంది, ఎంత లాగినా కరెంటు రాదు. పిల్లోళ్లు ఆడుకోను తీసుకుంటిరేమో అన్నాడు చిన్నాయన. ప్లాస్టిక్ పైపు ముక్కను కోసి బటన్ వెనక ఇరికించాను. నీలంగా, టపటపమని రవ్వ వచ్చింది. వేల రూపాయల కాయిల్ మాట అక్కడితో ముగిసింది.

కార్బురేటర్ సంగతి ఊహించిందే. నిలవున్న పెట్రోలు అడుగున తుమ్మబంకలా గట్టిపడి ఉంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్. అది తేమను లాక్కుంటుంది, కొట్టంలో నెలల తరబడి ఉంటే నీళ్లు వేరుపడి కిందికి దిగుతాయి. పెట్రోలు వెళ్లే సన్నటి ఇత్తడి జెట్ వెలుతురుకు పెట్టి చూస్తే రంధ్రమే కనబడలేదు. చాలామంది గుండుసూదితో పొడుస్తారు. సూది ఇత్తడిని గీరి రంధ్రాన్ని పెద్దది చేస్తుంది, ఆ తర్వాత అది జన్మలో సరిగ్గా నడవదు. నేను కరెంటు వైరులోంచి ఒక సన్నటి రాగి తీగ లాగి, దాంతో నిదానంగా తోసి, గాలి కొట్టాను. మళ్లీ పైకెత్తి చూస్తే సూది మొనంత వెలుతురు గుండ్రంగా కనబడింది. ఈ పనిలో నాకు ఇష్టమైన క్షణం అదే.

పెట్రోలు కలిపేటప్పుడు మళ్లీ వాదన. లీటరుకు 20 మిల్లీల ఆయిల్ చాలు. ఆయన ‘ఇంకొంచెం పోయ్, యాడికి పోతాది’ అంటాడు. ఎక్కువ పోస్తే పొగ, ప్లగ్గులకు మసి తప్ప ఒరిగేదేం లేదు. సీసా నా దగ్గరే పెట్టుకున్నాను.

నీళ్ల డ్రమ్ము పైభాగం కోయించి, అంచుకు పలక బిగించి, దానికి మోటారు తగిలించాం. నీళ్లలో తిరిగే ఫ్యాను పైనున్న రేకు మునిగేదాకా నీళ్లు పట్టాం. ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తిప్పి, పైపు మీది రబ్బరు బుడ్డి గట్టిపడేదాకా నొక్కి, చోక్ లాగి తాడు అందుకున్నాను. భుజాలు పడిపోయాక, ఇక భోంచేసి చూద్దాం అనుకుంటుండగా లేచింది. వీధంతా తెల్లటి పొగ. చిన్నాయన చప్పట్లు కొట్టాడు. నేను వెంటనే ఆపేశాను.

‘ఎందుకాపినావురా!’

వెనక సన్నటి రంధ్రంలోంచి నీళ్ల ధార రావాలి. అది రావడం లేదు. బైకు గాలికి చల్లబడుతుంది, దీనికి ఆ నీళ్లే దిక్కు. కాలు ఊడదీస్తే లోపల నీళ్లను పైకి తోసే రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు రెండు విరిగి ఉన్నాయి. కొత్తది కాకినాడ నుంచి ఆర్టీసీ కార్గోలో ముందే తెప్పించి పెట్టాను. పాతది తీసి కొత్తది వేస్తే అయిపోదు, విరిగిన ముక్కలు ఎక్కడున్నాయో చూడాలి. ఒకటి పంపులోనే దొరికింది. రెండోది పైకి వెళ్లే రాగి గొట్టంలో ఇరుక్కుంది, తీగ పెట్టి లాగితే వచ్చింది. కొత్తదానికి సబ్బునీళ్లు రాసి, రెక్కలు వెనక్కి వంగేలా, మోటారు తిరిగే వైపుకే తిప్పుతూ దించాను. ఈసారి స్టార్ట్ చేయగానే ధార వచ్చింది. చిన్నాయన దాంట్లో వేలు పెట్టి, ‘ఉడుకుగా వస్తాంది’ అని మురిసిపోయాడు.

అక్కడితో ఆపి ఉంటే గొడవే లేదు. గేరు ఆయిల్ కూడా చూద్దామని కింది స్క్రూ తిప్పాను. ఆయిల్ తెల్లబడి వచ్చింది, అంటే నీళ్లు కలిశాయి. ఫ్యాను ఊడదీస్తే కారణం కనబడింది. వల నైలాన్ దారం షాఫ్టుకు చుట్టుకుని, బిగిసి, నీళ్లు లోపలికి రాకుండా ఆపే సీలును కోసేసింది. చుట్టు మీద చుట్టు, బ్లేడుతో కోసి తీయాల్సి వచ్చింది. ఆకుపచ్చ దారం, చిన్నాయన వలదే. ఆ మాట నేను అనలేదు, ఆయనే గుర్తుపట్టి మొహం తిప్పుకున్నాడు.

‘సీలు తర్వాత ఏస్తువులే. అట్లే తిరుగుతాండె కదా ఇన్నాళ్లూ.’

‘నీళ్లు చేరితే బేరింగులు తుప్పు పడతాయి చిన్నాయనా. నడిమధ్యలో ఆగితే బైకు మాదిరి తోసుకొని వస్తావా?’

‘తెడ్డు లేదా ఏంది?’

ఆపరేషన్ అయిన మోకాలితో నడి కృష్ణలో తెడ్డేస్తాడంట. వంటింట్లోంచి అమ్మ కూడా నా వైపే మాట్లాడేసరికి, అలిగి, టీ కూడా తాగకుండా నందికొట్కూరు బస్సెక్కాడు.

ఇందాకే ఫోన్ చేశాడు, సీలు కార్గోలో పెట్టించినావా అని. ఆదివారం రాత్రి షాపు ఎవరు తెరుస్తారు చిన్నాయనా అన్నాను. ‘ఆ షాపాయన నెంబరియ్యి, నేను మాట్లాడతా’ అన్నాడు. ఇవ్వలేదు.