పేరు రాయని ఓటు: ఒడిశా సరిహద్దులో ఎమ్మెల్యేల లెక్క పట్టుకునే పద్ధతి

ఒడిశాలో ఉండే మన తెలుగువాళ్ళలో, పర్లాకిమిడిలో బట్టల కొట్టు నడిపేవాళ్ళకీ, గుణుపురం మండీకి ధాన్యం తోలేవాళ్ళకీ, రాయగడలో లారీలు తిప్పేవాళ్ళకీ ఎమ్మెల్యే గురించి తెలియాల్సింది ఒకటే: లైసెన్సులు, రుసుములు, తనిఖీలు పెంచే బిల్లులకి చెయ్యెత్తారా, తగ్గించే బిల్లులకి చెయ్యెత్తారా? ప్రశ్న న్యాయమైనదే. కానీ జవాబు ఓట్ల జాబితాలో ఉంటుందనుకుంటే దొరకదు. అసలు ఆ జాబితాయే లేదు.

భువనేశ్వర్‌ సభలో బిల్లులు దాదాపుగా మూజువాణి ఓటుతోనే గట్టెక్కుతాయి. ఔనన్నవాళ్ళు ఔనంటారు, కాదన్నవాళ్ళు కాదంటారు, స్పీకర్ చెవికి ఏది గట్టిగా వినబడితే అది నెగ్గినట్టు. ఏ గొంతు ఎవరిదో ఎక్కడా రాయరు. అమెరికాలో చాలా రాష్ట్రాల రాజ్యాంగాలు తుది ఓటింగ్‌లో సభ్యుల పేర్లు వరసగా రికార్డు చేయాలంటాయి. అక్కడి సంస్థలు ఆ రికార్డు తీసుకుని ఒక్కో సభ్యుడికి ఆర్థిక స్వేచ్ఛ మార్కులు శాతాల్లో వేస్తాయి. ఆ పద్ధతిని ఇక్కడికి యథాతథంగా తెచ్చుకుంటే ఖాళీ గడులే మిగులుతాయి. వాటిని పార్టీ పేరుతో నింపేసి ఎమ్మెల్యే మార్కులని వేస్తే అది లెక్క కాదు, ఊహ.

పేర్లు రికార్డుకెక్కేది డివిజన్ అడిగినప్పుడే. స్పీకర్ నిర్ణయాన్ని ఎవరైనా సవాలు చేస్తే బెల్లు మోగుతుంది, లాబీలు ఖాళీ చేయిస్తారు, తలుపులు మూస్తారు, అప్పుడు లెక్కపెడతారు. ఇక్కడా ఒక మెలిక ఉంది. డివిజన్ అనవసరంగా అడిగారని స్పీకర్‌కి అనిపిస్తే సభ్యుల్ని ఉన్నచోటనే నిలబెట్టి తలలు లెక్కపెట్టొచ్చు. లోక్‌సభ 367వ నియమం ప్రకారం అలాంటప్పుడు పేర్లు రికార్డు చేయరు. రాష్ట్రాల సభా నియమాలూ చాలావరకు అదే మూసలో ఉంటాయి. కాబట్టి పేపర్లో ఇంతమంది అనుకూలం, ఇంతమంది వ్యతిరేకం అని అంకెలు కనబడగానే పేర్లున్నాయని సంబరపడకండి. ముందు అది ఏ రకం లెక్కింపో చూడండి.

అంకెల సంగతి. ఒడిశా సభలో 147 స్థానాలు. 2024 ఎన్నికల్లో బీజేపీకి 78, బీజేడీకి 51, కాంగ్రెస్‌కి 14, సీపీఎంకి 1 వచ్చాయి, స్వతంత్రులు ముగ్గురు గెలిచారు. అవతలివాళ్ళంతా ఒక్కటై వ్యతిరేకించినా 69 దాటరు. ఓడిపోతామని తెలిసి డివిజన్ అడగడానికి ప్రతిపక్షానికున్న కారణం ఒక్కటే, పేర్లు రికార్డు చేయించడం. అందుకే డివిజన్ ఎవరు అడిగారన్నది ఓటు కన్నా విలువైన సమాచారం. ఎమ్మెల్యేల లెక్క రాసుకునే మీ పుస్తకంలో దానికి ఒక గడి పెట్టుకోండి.

విప్, అంటే ఇలాగే ఓటేయాలన్న పార్టీ ఆదేశం, ఉందో లేదో పక్కనే రాసుకోకపోతే పేరున్న ఓటు కూడా తప్పుదారి పట్టిస్తుంది. 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలోకి వచ్చిన పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) ప్రకారం పార్టీ ఆదేశానికి విరుద్ధంగా ఓటేసినా, ఓటింగ్‌కి దూరంగా ఉన్నా సభ్యత్వం పోయే ప్రమాదముంది. అది తప్పాలంటే ముందే అనుమతి తీసుకుని ఉండాలి, లేదా 15 రోజుల్లో పార్టీ క్షమించాలి. విప్‌ను ప్రభుత్వ మనుగడకీ, ఎన్నికల్లో చెప్పుకున్న ముఖ్య విధానాలకీ పరిమితం చేయాలని సుప్రీంకోర్టు 1992లో కిహోటో హొల్లోహాన్ కేసులో సూచించింది. పార్టీలు మాత్రం మామూలు బిల్లులకీ విప్ ఇస్తూనే ఉన్నాయి. విప్ కింద పడిన ఓటు పార్టీ ఓటే, దాన్ని ఎమ్మెల్యే అభిప్రాయంగా రాయకండి. ఈ లెక్కన సభలో సొంత ఓటు అనదగ్గది స్వతంత్రులదే. వాళ్ళకి విప్ లేదు, కాకపోతే గెలిచాక ఏ పార్టీలోనైనా చేరితే సభ్యత్వం పోతుంది. ముగ్గురే అయినా వాళ్ళని విడిగా గమనించండి.

మరి మిగతా 144 మంది సంగతి? ఓటు కాకుండా పేరుతో సహా కాగితం మీదికి వచ్చే పనులు చాలా ఉన్నాయి. మొదటిది, క్లాజులకి ప్రతిపాదించిన సవరణలు. సవరణ నోటీసు సభ్యుడి పేరు మీదే ఉంటుంది, ఏ మాట తీసేసి ఏ మాట పెట్టమన్నారో అక్షరాలా ఉంటుంది. అభిప్రాయం తెలుసుకోడానికి దీన్ని మించినది లేదు. తర్వాత, బిల్లు సెలెక్ట్ కమిటీకి (దాన్ని వివరంగా పరిశీలించే సభ్యుల బృందానికి) వెళ్తే నివేదిక చివర వచ్చే అసమ్మతి నోట్. సభలో నోరు మెదపని సభ్యుడు కూడా అక్కడ రెండు పేజీలు రాయొచ్చు. ఆ తర్వాత నక్షత్ర గుర్తున్న ప్రశ్నలు (సభలో నోటితో జవాబిచ్చేవి), లేనివి (రాతలో జవాబిచ్చేవి), పద్దుల మీద కోత తీర్మానాలు (శాఖల ఖర్చు తగ్గించమనేవి), ప్రైవేటు సభ్యుల బిల్లులు. ప్రసంగాలని చివర్లో పెట్టండి. బిల్లు గురించి పది నిమిషాలు మాట్లాడి, అందులో తొమ్మిది నిమిషాలు తమ నియోజకవర్గంలో రోడ్డు గురించి చెప్పేవాళ్ళే ఎక్కువ.

వాకౌట్‌ని "వ్యతిరేకం" అని రాసేయడం అందరూ చేసే తప్పు. బయటికి వెళ్ళినవాళ్ళు ఓటేయలేదు, అంతే. రాజ్యాంగం 189వ అధికరణం హాజరై ఓటేసినవాళ్ళనే లెక్కలోకి తీసుకుంటుంది. కోరం, అంటే సభ నడవడానికి కావాల్సిన కనీస హాజరు, మొత్తం సభ్యుల్లో పదోవంతు లేదా పదిమంది, ఏది ఎక్కువైతే అది. ఒడిశాకి 15 మంది. అంటే సభ సగం ఖాళీగా ఉన్నా బిల్లు చట్టబద్ధంగానే పాసవుతుంది. అందుకని నాలుగు గుర్తులు వేరువేరుగా పెట్టుకోండి: ఉన్నారు-ఓటేశారు, ఉన్నారు-ఓటేయలేదు, వాకౌట్ చేశారు, అసలు రాలేదు. హాజరు పట్టీలో సంతకం ఉన్నంత మాత్రాన బిల్లు వచ్చిన గంటలో సీట్లో ఉన్నారని కాదు.

ఇప్పుడు బిల్లు చదవడం. పేరు చూసి ప్లస్, మైనస్ వేయకండి. "ప్రోత్సాహం", "సులభతరం" అని పేరున్న బిల్లుల్లోనే కొత్త అనుమతులు దాక్కుంటాయి. ఉద్దేశాలు, కారణాల ప్రకటన మంత్రిగారి మాట, దాన్ని ఆఖర్న చదవొచ్చు. ముందుగా చూడాల్సింది బిల్లు వెనక ఉండే ఆర్థిక మెమోరాండం, ఆ పక్కనే నియమాలు చేసే అధికారం గురించిన మెమోరాండం. ప్రభుత్వం తర్వాత తనంతట తాను ఏమేం నిర్ణయించుకోబోతుందో రెండోదానిలో క్లాజుల వారీగా ఉంటుంది. రుసుము ఎంత, ఫారం ఏది, ఎన్నాళ్ళకి రెన్యువల్ అన్నవి మూడూ "నిర్ణయించిన విధంగా" అని వదిలేసి ఉంటే, అసలు చట్టం ఇంకా రాయలేదనే అర్థం.

ఒక ఉదాహరణ దగ్గర్నుంచి చూద్దాం. సిరొంచ, దెగ్లూరు వైపు మనవాళ్ళకి వర్తించే మహారాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం 2017లో వచ్చింది. వచ్చినప్పుడు పదిమంది కన్నా తక్కువ పనివాళ్ళున్న కొట్టుకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, సమాచారం ఇస్తే చాలంది. కొట్టు వారమంతా తెరుచుకోవచ్చు, కానీ పనివాళ్ళకి వారానికో సెలవు ఇవ్వాలంది. అదే చట్టం 50 మంది, అంతకన్నా ఎక్కువ ఉన్నచోట పిల్లల సంరక్షణ గది, వందమంది ఉన్నచోట క్యాంటీన్ పెట్టమంది. దీనికి ఒకే మార్కు ఎలా వేస్తారు? వేయకూడదు. చట్టాన్ని వరసలుగా విడగొట్టి, ఒక్కో వరసకి ఇవే ప్రశ్నలు వేయండి: కొత్తగా ఎవరు అనుమతి తీసుకోవాలి, రుసుము మారిందా, జైలు తీసేసి జరిమానా పెట్టారా, ఇన్‌స్పెక్టర్ అధికారం పెరిగిందా తగ్గిందా, గడువులోగా జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే అవుతుందా. సబ్సిడీని స్వేచ్ఛ కింద రాయకండి. పరిశ్రమకి డబ్బివ్వడం వేరు, దారి వదలడం వేరు.

లెక్కలో అసలు చేర్చకూడని బిల్లులూ ఉన్నాయి. ద్రవ్య వినియోగ బిల్లు (ఖజానా నుంచి ఖర్చుకి అనుమతిచ్చేది) ఓడితే ప్రభుత్వమే పడిపోతుంది, కాబట్టి అధికారపక్షం ఓటు ముందే తెలిసిందే. రాష్ట్ర జీఎస్టీ సవరణలు జీఎస్టీ కౌన్సిల్‌లో తేలినవే తిరిగి సభకి వస్తాయి. కౌన్సిల్ సిఫారసులకి కట్టుబడాల్సిన పనిలేదని సుప్రీంకోర్టు 2022లో చెప్పినా సభలు వాటిని మార్చడం లేదు. పాతబడిపోయిన చట్టాలని మూటగట్టి రద్దు చేసే బిల్లులు చూడ్డానికి భారీ సంస్కరణలా ఉంటాయి. ఎవరూ వాడని చట్టం పోతే కొట్టువాడికి ఒరిగేదేమీ ఉండదు. కార్మిక విషయాల్లో ఇంకో జాగ్రత్త: 2025 నవంబరు 21న నాలుగు కేంద్ర కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం మీద అంతకుముందు రాష్ట్రాలు చేసిన సవరణలకి వేసిన మార్కులు మళ్ళీ చూసుకోవాలి. దుకాణాల చట్టాలు మాత్రం ఆ కోడ్‌లలో కలవలేదు, ఒడిశాలో 1956 నాటిదే, సవరణలతో నడుస్తోంది.

పాసవడం వేరు, అమలు వేరు. "ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా నిర్ణయించిన తేదీ నుంచి" అనే మాట మొదటి సెక్షన్లో ఉందేమో చూడండి. ఒడిశా ఎక్సైజ్ చట్టం పేరులో 2008 ఉంది, అమల్లోకి వచ్చింది 2017 ఏప్రిల్‌లో. ఈలోగా సభే రెండుసార్లు మారింది. ఉమ్మడి జాబితాలోని (కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల) అంశమై కేంద్ర చట్టంతో పేచీ ఉంటే 254వ అధికరణం కింద రాష్ట్రపతి ఆమోదం కావాలి, అది ఏళ్ళు పట్టొచ్చు. అందుకే బిల్లు వరసలో తేదీలు నాలుగు ఉండాలి: ప్రవేశపెట్టినది, పాసైనది, ఆమోదం వచ్చినది, అమలైనది.

ఇక మన జిల్లాల ప్రత్యేక సమస్య. అవిభక్త కొరాపుట్, అంటే ఇప్పటి కొరాపుట్, రాయగడ, నవరంగపూర్, మల్కనగిరి, పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతం (రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ప్రత్యేక రక్షణ ఉన్న గిరిజన ప్రాంతం). గజపతి జిల్లాలో ఆర్.ఉదయగిరి తహసీలు, గుమ్మ, రాయగడ బ్లాకులు కూడా అందులోవే (ఈ రాయగడ బ్లాకు వేరు, రాయగడ జిల్లా వేరు, పట్టికలో కలిపేస్తుంటారు). ఇక్కడ భూమి కొనుగోళ్ళని శాసించేది 1956 నాటి రెండో రెగ్యులేషన్. ఐదో షెడ్యూలు కింద గవర్నర్ చేసిన రెగ్యులేషన్ అది, రాష్ట్రపతి ఆమోదంతో వస్తుంది. సభలో ఓటే ఉండదు. 2002 సెప్టెంబరు నుంచి గిరిజనుల భూమి గిరిజనేతరులకి బదిలీ చేయడం పూర్తిగా ఆగిపోయింది. సబ్ కలెక్టర్ అనుమతితో వీలు కల్పించాలని 2023 నవంబరులో క్యాబినెట్ అనుకుని, నిరసనలు రావడంతో రోజుల్లోనే పక్కన పెట్టేసింది. ఇలాంటి చోట ఎమ్మెల్యే ఎటు ఉన్నారో తెలియాలంటే గిరిజన సలహా మండలి సమావేశాల మినిట్స్, సభలో వేసిన ప్రశ్నలు చూడాలి. ఈ రెగ్యులేషన్‌కి స్వేచ్ఛ కొలబద్ద మీద మైనస్ వేసేవాళ్ళు ఉన్నారు. నా లెక్కలో దానికి ప్లస్సూ లేదు, మైనస్సూ లేదు. ఎవరి స్వేచ్ఛ అని అడిగితే ఆ కొండ మీద ఇద్దరు రెండు జవాబులు చెబుతారు. దాన్ని వేరే పేజీలో పెట్టుకోవడం మేలు.

తునికాకు సంగతీ అంతే. 1961 చట్టం కింద 1973 నుంచి ఒడిశాలో ఆ వ్యాపారం ప్రభుత్వానిదే. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు అడవిబిడ్డలదంది. ఈ రెంటి మధ్య నలిగేది మల్కనగిరిలో ఆకు కోసేవాళ్ళు, తేల్చేవి ఎక్కువగా శాఖ ఉత్తర్వులే. ఉత్తర్వు మీద ఎమ్మెల్యే ఓటు ఉండదు, ప్రశ్న మాత్రం ఉండొచ్చు.

కాగితాలు దొరికేది మూడు చోట్ల: అసెంబ్లీ వెబ్‌సైట్లో బిల్లులు, చర్చల ప్రతులు, ఒడిశా గెజిట్లో చట్టాలు, నోటిఫికేషన్లు, చట్టసభల పనిని గమనించే పీఆర్‌ఎస్ సంస్థ పెట్టే రాష్ట్ర బిల్లుల ప్రతులు. చర్చలు ఒడియాలో ఉంటాయి. మాట్లాడ్డం వచ్చినా చదవడం రానివాళ్ళు మనలో చాలామంది. విధేయక అంటే బిల్లు, సంశోధన అంటే సవరణ, అధ్యాదేశ అంటే ఆర్డినెన్స్, ధ్వని భోట్ అంటే మూజువాణి. ఈ నాలుగు మాటలు ఒడియా లిపిలో గుర్తుపడితే ప్రతి పేజీ చదవక్కర్లేకుండానే కావాల్సిన చోట ఆగొచ్చు. డివిజన్ పట్టీ దొరక్కపోతే సమాచార హక్కు కింద అసెంబ్లీ సచివాలయాన్ని అడగొచ్చు, గడువు 30 రోజులు. "ఎమ్మెల్యే ఎలా ఓటేశారు" అని అడిగితే సమాచారం లేదని వస్తుంది. "ఫలానా తేదీన ఫలానా బిల్లుపై జరిగిన డివిజన్ పట్టీ నకలు" అని అడగాలి.

సభలో రికార్డు నుంచి తొలగించిన మాటల్ని ఎక్కడా పెట్టొద్దు, సభా హక్కుల ఉల్లంఘన తీర్మానం ఎదుర్కోవాల్సి రావచ్చు. ఉన్నదున్నట్టు రాసిన సభా వార్తలకి 361-ఎ అధికరణం ఇచ్చే రక్షణ పత్రికలకీ ప్రసారాలకీ ఉద్దేశించినది. సొంత పేజీలో రాసుకునేవాళ్ళు దాన్ని నమ్ముకుని సాహసం చేయకపోవడం మంచిది.

శాతాల జోలికి వెళ్ళాలనుంటే ముందు డివిజన్లు ఎన్నో లెక్కపెట్టండి. ఏడాదిలో రెండే జరిగితే "50 శాతం" అంటే ఒక్క ఓటు. అప్పుడు "రెండింట ఒకటి" అనే రాయండి. సభ లేనప్పుడు వచ్చే ఆర్డినెన్స్‌కి మాత్రం క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి: సభ మళ్ళీ కూడిన రోజు నుంచి ఆరు వారాలకి అది దానంతటదే పోతుంది. ఆలోగా దాని స్థానంలో బిల్లు వస్తే, ఏడాది మొత్తంలో డివిజన్ అడిగే అవకాశం ఎక్కువగా ఉండేది ఆ రోజే.