టమాటా లేని బ్రుస్కెట్టా

ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో చదువుకుంటున్న మా అమ్మాయిని చూడ్డానికి నవంబరులో వెళ్లాను. మూడు రోజుల మ్యూజియాలకే నా మోకాళ్లు మొరాయించాయి. "బొమ్మలు చాలు నాన్నా, నూనె గానుగ చూద్దాం పద" అంది. బస్సెక్కి కియాంతి కొండల్లోని గ్రేవే దాకా వెళ్లి, అక్కణ్ణుంచి ఆలివ్ తోటల మధ్య నడిచాం.

గానుగంటే నా మనసులో ఎద్దూ, రోలూ. అక్కడున్నవి స్టీలు యంత్రాలు. కాయల్ని కడిగి, గింజతో సహా నలిపి, ఆ ముద్దను నెమ్మదిగా కలియబెట్టి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. చివర గొట్టంలోంచి మడ్డిమడ్డిగా, ఆకుపచ్చగా నూనె కారుతుంది. రైతులు బుట్టలు పెట్టుకుని వంతు కోసం కూర్చున్నారు. తమ కాయల నూనె పక్కవాడి డబ్బాలోకి పోతుందేమోనని ఒకటే కాపలా! మా ఊరి రైసుమిల్లులో మా నాన్నా అచ్చం ఇలాగే నిలబడేవాడు.

మూలన పొయ్యి మండుతోంది. ఒక పెద్దాయన పాత రొట్టెను ముక్కలు కోసి నిప్పుల మీద కాల్చి, వేడి మీదే వెల్లుల్లి రెబ్బతో రుద్దాడు. కాలిన రొట్టె గరుకుకి వెల్లుల్లి ఆకురాయి మీద అరిగినట్టు అరిగిపోయింది. పైన కొత్త నూనె ధారగా పోసి ఉప్పు చల్లాడు. ఫ్లోరెన్స్ ఉన్న ఈ టస్కనీ ప్రాంతపు రొట్టెలో అసలు ఉప్పే వెయ్యరు, అందుకని ఈ చల్లే ఉప్పే దిక్కు. ఇక్కడివాళ్లు దీన్ని ఫెత్తుంతా అంటారు, అంటే నూనె రాసిన ముక్క. రోమ్ వైపు బ్రుస్కెట్టా. అక్కడి యాసలో 'బ్రుస్కారే' అంటే నిప్పుల మీద కాల్చడం.

కొరికానో లేదో, నూనె గొంతులో పచ్చిమిరపకాయలా పట్టేసి దగ్గు తెరలు. అందరూ నవ్వారు. దగ్గొచ్చిందంటే మంచి నూనెట. ఆ ఘాటు ఐబుప్రొఫెన్ అనే నొప్పిమందు ద్రవం గొంతులో రేపే మంటలాగే ఉందని గమనించిన శాస్త్రవేత్తలు, దానికి కారణమైన పదార్థాన్ని 2005లో పట్టుకుని ఒలియోకాంథాల్ అని పేరు పెట్టారు.

"మరి టమాటాలేవీ?" అన్నాను. హైదరాబాద్ కేఫ్‌లో నేను తిన్న బ్రుస్కెట్టా మీద టమాటా ముక్కలు గుట్టగా ఉండేవి, పైన చీజు కూడా. మా అమ్మాయి ఆ ప్రశ్న అనువదించడానికే సిగ్గుపడింది. పెద్దాయన బయటి చలివైపు చెయ్యి చూపించి, "నవంబరులోనా?" అన్నాడట.

నిజమే, టమాటా ఇటలీ కాయే కాదు. అమెరికా ఖండం నుంచి వచ్చింది. 1548లో, ఫ్లోరెన్స్‌ను ఏలే మెదిచీ వంశపు ప్రభువు పీసాలో ఉండగా ఆయన ఇంటికి ఒక బుట్టెడు వచ్చినట్టు రాతల్లో ఉంది. ఆ తర్వాత కూడా చాలాకాలం జనం దాన్ని అనుమానంగానే చూశారు. అలాంటి చుట్టం ఇప్పుడు ఇల్లే ఆక్రమించింది. అమెరికాలో సీసాలో అమ్మే టమాటా ముక్కల్నే బ్రుస్కెట్టా అంటారు, రొట్టె వేరే కొనుక్కోవాలి! పైగా 'బ్రుషెట్టా' అని పలుకుతారు. తెలుగులో రాస్తే ఈ గొడవే లేదు.

టమాటా మీద నాకేం కోపం లేదు. ఎండాకాలం పండిన కాయతో బాగానే ఉంటుందని మా అమ్మాయి వాదన. కానీ ఈ గానుగలో రొట్టె ఉన్నది నూనె రుచి చూడ్డానికి. కొత్తావకాయ కలిపిన బేసిన్‌లో అమ్మ వేడన్నం వేసి ముద్దలు చేసి పెట్టేది చూడండి, అదే ఇది. అప్పుడు ఎవరైనా దాని మీద చీజు వేస్తానంటే ఊరుకుంటామా?

పెద్దాయన నన్ను అడక్కుండానే రెండో ముక్క పొయ్యి మీద పెట్టాడు. "నాన్నా, బస్సు" అంది మా అమ్మాయి. తర్వాతి బస్సు ఎన్నింటికో కనుక్కోమన్నాను.