ఇరవై ఒకటా, ఇరవయ్యా?

మనాలీ నుంచి లేహ్ వెళ్లే కొండ రోడ్డు మీద సైకిల్ ప్రయాణం. ఈ రోజు సర్చూ నుంచి విస్కీ నాలా అనే మజిలీ దాకా. పొద్దున ఆరింటికి టెంట్ జిప్ లాగితే పైకప్పు లోపల పేరుకున్న మంచు పొడిలా రాలి మెడలో పడింది. సీసాలో నీళ్లు సగం గడ్డకట్టాయి. తలనొప్పి మాత్రం లేదు. ఎత్తుకి ఒళ్లు అలవాటు పడాలని దారిలో జిస్పాలో రెండు రోజులు ఊరికే కూర్చున్నది ఇందుకే.

మొదటి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు చాలా వరకు చదునే. పక్కన లోయలో త్సరాప్ నది, గట్టున గోపురాల్లా నిలబడ్డ మట్టి దిబ్బలు. మధ్యలో బ్రాండీ నాలా వచ్చింది. ఈ వాగులకి పేర్లు పెట్టినవాళ్లకి ఆ వేళ ఏం తక్కువైందో!

ఆ తర్వాత కొండ మీదికి మెలికలు తిరుగుతూ ఎక్కే రోడ్డు, గాటా లూప్స్. 21 మలుపులు. అడుగున 4,190 మీటర్లు, పైన 4,660 దాటుతుంది. కింద నిలబడి తలెత్తి చూస్తే, ఎవరో మెలికల ముగ్గు మొదలుపెట్టి సగంలో లేచి వెళ్లిపోయినట్టుంది. సైకిల్‌కి వెనక ఇరవై కిలోల సామాను. అన్నిటికంటే చిన్న గేరులో వేసుకుని, నలభై సార్లు తొక్కడం, కాలు కింద పెట్టి ఊపిరి పీల్చుకోవడం. వేగం గంటకి ఐదు కిలోమీటర్లు. ఇక్కడ గాలిలో దొరికే ఆక్సిజన్ మన ఊళ్లో దొరికేదానిలో అరవై శాతం కూడా ఉండదు. అనంతగిరి ఘాట్ ఎన్నిసార్లు ఎక్కి ప్రాక్టీస్ చేస్తే ఏం లాభం, అక్కడ గాలి ఫ్రీ.

తొమ్మిదో మలుపు దగ్గర బుద్ధి గడ్డి తింది. పై రోడ్డు నెత్తి మీదే కనిపిస్తోంది, నిట్టనిలువుగా ఒక కాలిబాట కూడా ఉంది. ఒక్క మలుపు తప్పించుకుంటే ఎవరికి నష్టం? సైకిల్ నెట్టడం మొదలుపెట్టాను. రెండడుగులు నెట్టి బ్రేకు గట్టిగా పట్టుకోవాలి, లేకపోతే సైకిలే నన్ను కిందికి లాగుతోంది. బూటు కింద కంకర జారుతోంది. సగం ఎక్కాక ఎడమ బ్యాగు కొక్కెం ఊడింది. అది దొర్లుకుంటూ వెళ్లి నేను బయలుదేరిన చోటే, సరిగ్గా రోడ్డు అంచున ఆగింది. సైకిల్ పడుకోబెట్టి దిగాను, బ్యాగు భుజాన వేసుకుని మళ్లీ ఎక్కాను. పైన రోడ్డు పని చేస్తున్న ఝార్ఖండ్ కుర్రాడు ఇదంతా చూస్తూనే ఉన్నాడు. "భయ్యా, సైకిల్ మీద మీరు వచ్చారా, మీ మీద సైకిల్ వచ్చిందా?" అన్నాడు హిందీలో. జవాబు చెప్పడానికి ఊపిరి లేదు. పావుగంటలో తొక్కగలిగే మలుపుకి యాభై నిమిషాలు పట్టింది.

ఇంకొంచెం పైన నీళ్ల సీసాల గుట్ట. ఎప్పుడో లారీ చెడిపోతే కాపలా ఉన్న క్లీనరు మంచులో చిక్కుకుని చనిపోయాడనీ, దాహంతో ఇప్పటికీ నీళ్లు అడుగుతాడనీ కథ. వచ్చేపోయేవాళ్లు సీసాలు పెట్టి వెళ్తారు. నా దగ్గర లీటరే ఉంది. మూతతో కొంచెం నేల మీద పోసి, ఖాళీ సీసా అక్కడ వదలకుండా వచ్చేశాను. ప్లాస్టిక్‌తో ఎవరి దాహం తీరుతుంది?

నకీ లా కనుమ, 4,739 మీటర్లు. జెండాల చప్పుడు, ఎదురుగాలి. ఫొటో తీసుకుని వెంటనే దిగిపోయాను.

విస్కీ నాలా టెంట్‌లో వంట చేసే ఆవిడని అందరూ ఆచే లే అంటున్నారు, అంటే అక్కగారు. ఈ ఎత్తులో నీళ్లు 85 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, కుక్కర్ లేకపోతే అన్నం ఉడకదు. నాలుగు విజిళ్ల అన్నం, రాజ్మా, నా డబ్బాలోంచి ఆవకాయ. ఆవిడకీ ఒక ముక్క వేశాను. కళ్లు తుడుచుకుని ఇంకో ముక్క అడిగింది.

ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఒక రకంగా మంచిదే, అమ్మకి లేహ్‌కి బస్సులో వెళ్తున్నాననే చెప్పాను.

ఇందాక పైన "గాటా లూప్స్: 21" అని రాసి కొట్టేశాను. తొక్కినవి 20. బ్యాగు కోసం దిగి ఎక్కిన దూరం కలిపితే ఇంకొకటి అవుతుందేమోనని వేళ్ల మీద లెక్క వేసి చూశాను. అవడం లేదు.